జోగ్జాలో ఆగిపోయిన నాలుగు రోజులు

పోయినవారం మనం సరయును ఆస్పత్రి వరండాలో, చేతిలో రెండు కాగితాలతో వదిలి వచ్చాం. ఒకటి కిందటి జూలైలో ఆమె కూతురు హైమ ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదినప్పటి లెక్క. రెండోది ఈ జనవరిది. ఈ ఆర్నెల్లలో ఏడేళ్ళ పిల్ల అంగుళమున్నర పొడుగు సాగింది. ఊపిరి మాత్రం పెరగకపోగా తగ్గింది.

"నవంబరులో పీల్చిన బూడిద వల్లేనా డాక్టర్?" అని అడిగింది సరయు.

"కావచ్చు. పాపకి ముందునుంచీ కొంచెం ఉబ్బసం ఉంది కాబట్టి దానివల్ల కూడా కావచ్చు."

"మళ్ళీ మామూలవుతుందా?"

"చాలామంది పిల్లలకి అవుతుంది. ఒక ఏడాది చూద్దాం."

"ఏడాది చూశాక?"

"అప్పుడు ఇంకొంచెం తెలుస్తుంది," అన్నాడు ఆయన. మంచి మనిషే. అబద్ధం చెప్పలేక ఆ మాట చెప్పాడు.

ఆ నవంబరు సంగతి మొదటిసారి వింటున్నవారి కోసం రెండు ముక్కలు. సరయు భర్త దీపక్ సింగపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తాడు. జావా దీవిలో జోగ్జా అనే ఊళ్ళో ఒక సహకార బ్యాంకు ఉంది. దాని నలభై శాఖల్నీ కంప్యూటర్లతో కలిపే పని అతని నెత్తిన పడింది. దీపావళికి రాలేనని అతనంటే, సరయే రాఫెల్స్ ప్లేస్‌లోని తన ఆఫీసుకి సెలవు పెట్టి పాపతో సహా అక్కడికి వెళ్ళింది. అప్పటికే ఊరికి ఉత్తరాన మెరాపి కొండ పొగలు కక్కుతోంది. సరిగ్గా పండగ రోజు తెల్లవారకముందే అది భళ్ళున పేలింది. విమానాశ్రయం మూసేశారు. ముగ్గురూ నాలుగు రోజులు ఆ బూడిదలోనే ఉండి, ఐదోరోజు కారు మాట్లాడుకుని సురబాయ చేరి, అక్కణ్ణుంచి విమానంలో ఇల్లు చేరారు.

మీరు అదృష్టవంతులన్నారు అందరూ. అదీ నిజమే. కొండ వాలున ఉన్న పల్లెల్లో వందలమంది పోయారు. ఆ లెక్క పేపర్లో చూసినప్పటినుంచీ సరయుకి తన బెంగ నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గేసేది. అందుకని చెప్పుకోవడం మానేసి చదవడం మొదలుపెట్టింది. పేరుకి బూడిదే కానీ అది కట్టె కాలితే మిగిలే బూడిద కాదని చదివింది. పిండైపోయిన రాయీ, గాజూనట. భూతద్దం కింద పెడితే పగిలిన సీసాపెంకుల్లాగే కనిపిస్తుందట. ఆ పెంకులు పిల్లల ఊపిరితిత్తుల్లో ఎన్నాళ్ళుంటాయని పై దేశంలోని ఒక ప్రొఫెసరుకి మెయిలు రాసింది. ఆయన ఎంతో మర్యాదగా జవాబిచ్చాడు. పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి రాసిన లెక్కలు తన దగ్గర లేవనీ, మీ పాప త్వరగా కోలుకోవాలనీ.

ఇంక ఈ ఆదివారం దగ్గరికి వద్దాం.

చైనీస్ కొత్త సంవత్సరానికి ఇంకా నాలుగు రోజులుంది. పుంగ్గోల్‌లో వాళ్ళుండే బ్లాకు కింద ఎర్ర లాంతర్లు కట్టేశారు. పదకొండు గంటలప్పుడు బెల్లు మోగితే హైమే వెళ్ళి తలుపు తీసింది. వచ్చింది శ్యాంసుందర్, దీపక్ వాళ్ళ మేనేజరు. ఊరు వరంగల్. సింగపూర్ వచ్చి పదిహేనేళ్ళయినా మాట మాత్రం అక్కడే ఉండిపోయింది. చేతిలో కమలాపండ్ల పెట్టె ఉంది.

"ఏం బిడ్డా, స్కూలెట్లున్నది?"

"ఓకే లా అంకుల్. బట్ పీఈ టీచర్ నన్ను రన్ చెయ్యనివ్వట్లే. సిట్ అండ్ వాచ్ ఓన్లీ."

ఆ మాట అనేసి హైమ చెప్పులు వేసుకుని, తను తమిళ పిల్లల్లా 'పాటీ' అని పిలిచే సుబ్బమ్మ అవ్వ ఇంటికి వెళ్ళిపోయింది. అదే అంతస్తులో మూడు తలుపుల అవతల ఉంటుంది సుబ్బమ్మ. ఆవిడ తాత ఎప్పుడో విశాఖపట్నం నుంచి ఓడెక్కి మలయాలోని జొహోర్ రబ్బరు తోటల్లోకి వచ్చినవాడు. భర్త అప్పన్న హార్బరులో పనిచేసి రిటైరయ్యాడు. బడి వదిలినప్పటినుంచి సరయు ఆఫీసునుంచి వచ్చేదాకా హైమ ఉండేది వాళ్ళింట్లోనే. ఆదివారాలు కూడా మాటిమాటికీ అక్కడికే పరిగెడుతోంటే, అలవాటైపోయిందిలే అనుకుంది సరయు.

శ్యాంసుందర్ సోఫాలో దీపక్ పక్కన కూర్చున్నాడు. టీ తాగాడు. పాప ఆరోగ్యం అడిగాడు. గొట్టం లెక్కలు వినేసరికి అతని మొహం చిన్నబోయింది.

"ఏం జెయ్యాలె చెప్పమ్మా. మనసుల బాధయితది. బుధవారం నాడే నేను మెయిల్ పెట్టిన. అక్కడ పరిస్థితి మంచిగ లేదు, ఉన్నపళంగ వచ్చెయ్యున్రి అని. గురువారం పొద్దటి ఫ్లైటుకి మీ ముగ్గురికీ సీట్లు గూడ పట్టి పెట్టినం. మీరే పండుగ అయినంకనే పోదామన్నరట గద. మా ఆవిడ, పాప ఇక్కడే పండుగ చేసుకుంటమంటున్నరు అని దీపక్ రాసిండు. పోనీ తియ్, పండుగ గద అని నేను గూడ గట్టిగ అనలే. అనాల్సుండె."

సరయు చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. దాన్ని బల్లమీద పెట్టడానికి వంగింది. వంగినదల్లా అలాగే ఓ క్షణం ఆగిపోయింది. దీపక్ వైపు చూడలేదు.

"అవునండీ," అంది. "పాప సరదా పడింది."

ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. పరాయివాడి ముందు మొగుణ్ణి దొంగని చెయ్యలేకపోయిందో, మేమే ఉండిపోయామని తన నోటితో అంటే అదే నిజమైపోతుందేమోనని చూసిందో. శ్యాంసుందర్ ఇంకో పావుగంట కూర్చున్నాడు. తమ ఇంటి దగ్గర ఒక హోమియో డాక్టరున్నాడని చెప్పాడు. దీపక్ ఆయన్ని లిఫ్టుదాకా దింపి వచ్చేసరికి సరయు బల్ల దగ్గర నిలబడే ఉంది.

"బుధవారం," అంది.

"సరయూ, నేను చెప్దామనే..."

"గురువారం పొద్దున ఫ్లైటు. కొండ పేలింది ఆ రాత్రి దాటాక. అంటే అది పేలేసరికి మనం ఈ ఇంట్లో నిద్రపోతూ ఉండాల్సింది. అంతేనా? తప్పుంటే చెప్పు."

దీపక్ తలుపు గొళ్ళెం పెట్టి, దానికే ఆనుకుని నిలబడ్డాడు.

"అంతే."

"మూణ్ణెల్లు. మూణ్ణెల్లనించీ నేను రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గాజుపెంకుల బొమ్మలు చూస్తున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. నా తలరాత అని నేనేడిస్తే, ఎవరూ ఊహించలేదు కదా, మన చేతుల్లో ఏముందీ అన్నావు. అన్నావా లేదా?"

"అన్నాను."

"ఎందుకు దీపక్?"

కింద ఆడుకుంటున్న పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి.

"సోమవారం నలభై బ్రాంచీలూ ఒకేసారి మొదలవ్వాలి," అన్నాడు చివరికి. "రెండేళ్ళు చేశాను ఆ పని. నేను గురువారం వచ్చేస్తే బెంగుళూరు టీముని కూర్చోబెట్టేవాళ్ళు. నా పేరుమీద వచ్చిన మొదటి ప్రాజెక్టు అది. అక్కడ ఊళ్ళో ఎవరూ భయపడట్లేదు సరయూ. హోటలావిడ రోజూలాగే అన్నం వండుతోంది. బ్యాంకులో వాళ్ళంతా నవ్వారు, మా కొండ ఎప్పుడూ ఇంతే అని. వాళ్ళే ఉండగా లేనిది మనకేమవుతుందిలే అనుకున్నాను."

"మరి మొదలయ్యాయా? సోమవారం?"

అవలేదని ఆమెకి తెలుసు. బూడిద పడి సగం శాఖలకి తాళాలేశారు. చివరికి ఆ పని జనవరిలో బెంగుళూరు వాళ్ళే పూర్తి చేశారు.

"సరే, నీ పని కోసం ఆగావు. ఆ మాటే ఆయనకి రాయొచ్చుగా. నా పేరెందుకు రాశావు? పాప పేరెందుకు రాశావు?"

"నిన్ను అడిగాను," అన్నాడు దీపక్ నెమ్మదిగా. "బుధవారం సాయంత్రం. గుర్తు లేదా?"

గుర్తుంది. ఆ క్షణందాకా గుర్తు లేదు కానీ, అతనా మాట అనగానే ఆ సాయంత్రమంతా కళ్ళకి కట్టింది. హోటలు వెనక వసారాలో హైమ, హోటలావిడ మనవరాలితో కలిసి బంకమట్టితో ప్రమిదలు చేస్తోంది. మోచేతుల దాకా మట్టి. ఆఫీసునించి వచ్చిన దీపక్ బూట్లు కూడా విప్పకుండా స్తంభం పక్కన నిలబడి, 'రేపే వెళ్ళిపోదామా?' అన్నాడు. 'దేనికి?' అంది తను. 'ఊరికే.' 'ఊరికేనా! ఇంత దూరం వచ్చింది నీతో పండగ చేసుకోడానికేగా. పిల్ల మొహం చూడు, ఎంత సంతోషంగా ఉందో.' అతను ఒక్క నిమిషం హైమని చూసి, సరేలే అని లోపలికి వెళ్ళిపోయాడు. అంతే జరిగింది.

"నువ్వడిగింది అది కాదు," అంది సరయు. "ఊరికే అన్నావు. మెయిలు వచ్చిందని చెప్పావా? సీట్లున్నాయని చెప్పావా? చెప్పుంటే నేను వద్దనేదాన్నా?"

"అనవు. అందుకే చెప్పలేదు."

ఆ జవాబు అంత సూటిగా వస్తుందని ఆమె అనుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వద్దంటావన్న ఆశతోనే అడిగాను," అన్నాడు దీపక్. "వద్దన్నావు. హమ్మయ్య అనుకున్నాను. నీ మాట అడ్డుపెట్టుకున్నాను. అది నాకు రోజూ తెలుస్తూనే ఉంది. నువ్వు నిద్రపోయాక లేచి వెళ్ళి పాప ఊపిరి లెక్కపెడుతున్నాను. నిమిషానికి ఎన్నిసార్లని. లెక్కపెట్టి నేను చేసేదేం లేదు. ఏం చెయ్యాలో చెప్పు సరయూ. ఉద్యోగం మానెయ్యమంటే మానేస్తాను. ఏం చేస్తే ఆ నాలుగు రోజులూ వెనక్కొస్తాయో చెప్పు."

ఎదటి మనిషి ఎదురు తిరిగుంటే బాగుండును. మూణ్ణెల్లుగా ఆమె కోపానికి ఒక ఆకారం లేదు. కొండని తిట్టలేదు, గాలిని తిట్టలేదు, డాక్టర్ని తిట్టలేదు. ఇవాళ తిట్టడానికి ఒక మనిషి దొరికాడు. తిట్టింది కూడా. "నువ్వు తండ్రివేనా" అంది. ఇంకా అనకూడని మాటలు నాలుగైదు అంది. అతను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. అంతా అనేశాక చూసుకుంటే ఆస్పత్రివాళ్ళిచ్చిన కాగితాల్లో ఒక్క అంకె కూడా మారలేదు.

పైగా ఇంకో సంగతి గుండెలో కెలుకుతోంది. అతనికి కూడా ఎప్పుడూ చెప్పనిది.

పండగనాడు పొద్దున ఎనిమిదైనా వెలుతురు రాలేదు. అరటాకులూ, పెంకులూ, ఆగి ఉన్న స్కూటర్లూ అన్నీ ఒకే బూడిద రంగు. దీపక్ విమానాల సంగతి కనుక్కోవడానికి బయటికి వెళ్ళాడు. హైమ గేటు దగ్గర ఆగి ఉన్న కారు బానెట్ మీద వేలితో తన పేరు రాసింది. అక్షరాలు సరిగా రాలేదని ఫూ అని ఊది చెరిపేసింది. మళ్ళీ రాసింది. మళ్ళీ ఊదింది. ఊదినప్పుడల్లా ఆ పొడి లేచి పిల్ల మొహంమీదికే వచ్చింది. దగ్గుతూ నవ్వుతోంది. ఆ వింతకి సరయు కూడా నవ్వింది. లోపలికి లాక్కుపోలేదు. ఫోన్ తీసి ఫోటోలు తీసింది. పది నిమిషాలు. హోటలావిడ పరిగెత్తుకొచ్చి పిల్ల మూతికి తడిగుడ్డ కట్టేదాకా.

ఆ ఫోటోలు ఇంకా ఫోన్లోనే ఉన్నాయి. పదకొండు. తీసెయ్యలేదు, ఎవరికీ చూపించలేదు.

"దీపక్," అంది. చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఈ పాపంలో నీది నీదే, నాది కూడా ఉంది అని. ఇద్దరం సమానమేమీ కాదు, కానీ నాది లేదని మాత్రం అనలేను అని. "ఆ రోజు పొద్దున నువ్వు బయటికి వెళ్ళినప్పుడు..."

తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. బెల్లుండగా చేత్తో బాదేది సుబ్బమ్మ ఒక్కతే.

దీపక్ తలుపు తీశాడు. సుబ్బమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉంది. డెబ్భై ఏళ్ళ మనిషి.

"అమ్మా, నా మీద కోపం చెయ్యకండి," అంది. "చిన్నపిల్ల నా చేత ఒట్టేయించుకుంది. నేను ముసిల్దాన్ని, తెలివితక్కువగా వేసేశాను."

"ఏమైంది ఆంటీ? హైమ ఏదీ?"

"మా ఇంట్లోనే ఉంది. బడి తెరిచిన కాణ్ణించీ జరుగుతోందమ్మా ఇది. రోజూ రెండు సార్లు, మూడు సార్లు. ఆదివారం కూడా వస్తోంది సూడు, అందుకే. మకాన్, అన్నం పెట్టనా అంటే వద్దంటది. ఆట లేదు, టీవీ లేదు. నేరుగా వంటింట్లోకి పోయి తలుపేసుకుంటది."

"ఎందుకు?"

"దగ్గడానికి."

సరయుకి అర్థం కాలేదు. దీపక్‌కి అయింది.

"ఇంట్లో దగ్గితే అమ్మ ఏడస్తదంట. నాన్న లేచి మంచం కాడ కూసుంటాడంట. 'పాటీ, దగ్గు నీ ఇంట్లో పెట్టేసి పోతా, అమ్మకి చెప్పకు' అంది. నవ్వుతా చెప్పింది. దగ్గేసి, నీళ్ళు తాగి, మొహం కడుక్కుని మీ ఇంటికి వచ్చేస్తది. అయ్యో సయాంగ్, నా తల్లీ అని ముద్దు పెట్టుకుని ఊరుకున్నాను. అడవులు కాలి పొగలు వచ్చిన ఏళ్ళలో మా పిల్లలు దగ్గలేదా, అదే తగ్గిపోతదిలే అనుకున్నాను."

ఆస్పత్రిలో డాక్టర్ అడిగిన ప్రశ్న సరయుకి చెవిలో మోగింది. ఇంట్లో దగ్గుతోందా? లేదు డాక్టర్, జనవరి మొదటినించీ ఇంట్లో అసలు దగ్గడం లేదు. ఎంత ధీమాగా చెప్పింది! ఆయన అది రాసుకుని, మంచి గుర్తే అన్నాడు. మందు అందుకే పెంచలేదు. ఏడాది చూద్దామన్నది ఆ ఒక్క మాట మీదే.

"మరి ఇవాళ ఎందుకు చెప్తున్నారు ఆంటీ?" అడిగాడు దీపక్.

సుబ్బమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఇవాళ ఆగట్లేదయ్యా."

ముగ్గురూ వరండాలో పరిగెత్తారు. మూడు తలుపులు. సుబ్బమ్మ ఇంట్లో అప్పన్న, వంటింటి గుమ్మం దగ్గర చేతిలో నీళ్ళగ్లాసుతో ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉన్నాడు. వాళ్ళని చూసి పక్కకి తప్పుకున్నాడు.

హైమ బట్టలుతికే మిషను పక్కన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉంది. ముందుకి వంగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆన్చి. ఒక్కొక్క ఊపిరికీ భుజాలు చెవులదాకా లేస్తున్నాయి. గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. సన్నగా ఈల వేసినట్టు చప్పుడు.

అడుగుల చప్పుడు విని తలెత్తింది. గుమ్మంలో అమ్మ. అమ్మ వెనక నాన్న. ఇద్దరి మొహాలూ ఏడ్చినట్టున్నాయి.

పిల్ల కళ్ళల్లో బెదురు. గబుక్కున రెండు చేతులతో నోరు మూసేసుకుంది.

"హైమా! చేతులు తియ్యి నాన్నా," సరయు దాని ముందు మోకాళ్ళ మీద పడింది. "దగ్గు. ఎంత వస్తే అంత దగ్గు. అమ్మ ఏడవదు. చూడు, ఏడవట్లేదు."

వెనక దీపక్ అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నాడు. బ్లాకు నంబరు చెప్పాడు, అంతస్తు చెప్పాడు, పిల్ల వయసు అడిగితే తడబడ్డాడు.

హైమ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. వేళ్ళు ఇంకా గట్టిగా బిగించింది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది, చప్పుడు బయటికి రావడం లేదు. సరయు ఆ చిన్న మణికట్లు రెండూ పట్టుకుని లాగబోయి, ఆ వేళ్ళ చివర్లు చూసింది.

గోళ్ళు నీలంగా ఉన్నాయి.